తెలుగు వర్డ్‌ప్రెస్ సైటుకు ఏ హోస్టింగ్? ధరల పట్టికలో కనిపించని సంగతులు

సైటును తమ సర్వర్ల మీద పెట్టి నడిపే హోస్టింగ్ కంపెనీల పేజీల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేవి మూడే: నెల ధర, 'అన్‌లిమిటెడ్' అనే మాట, 99.9 శాతం అప్‌టైమ్ (సైటు పడకుండా నడిచే సమయం) హామీ. సైటు నాలుగేళ్ళు నిలకడగా నడుస్తుందా లేదా అన్నది ఈ మూడింటిలో దేన్నిబట్టీ తెలియదు. ఒక్కో అకౌంటుకు ఎంత సీపీయూ, ఎంత మెమరీ ఇస్తున్నారు, బ్యాకప్ ఏ భవనంలో ఉంది, రెండో విడత బిల్లు ఎంత, నచ్చకపోతే సైటు మొత్తాన్ని మూటగట్టుకుని ఒక్క రోజులో వేరే చోటికి పోగలమా? తేల్చేవి ఇవి. నన్నడిగితే వీటన్నిటిలో చివరిదే ముఖ్యం. ఏ కంపెనీ సర్వర్ అయినా ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ధర పెరుగుతుంది, యాజమాన్యం మారుతుంది. బయటికి దారి తెరిచి ఉంచే హోస్టునే నమ్మాలి.

ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద నడిచే మామూలు తెలుగు సైటు: ఒక వెబ్ పత్రిక, వంటల సైటు, లేదా వూకామర్స్ (దుకాణం నడిపే ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం) పెట్టుకుని పచ్చళ్ళో చీరలో అమ్మే చిన్న దుకాణం. చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో ఫోన్ మీద చూస్తారు, కొందరు అమెరికాలో ఉంటారు. రోజుకు లక్షల హిట్లు వచ్చే వార్తా సంస్థలకు ఈ సలహా సరిపోదు.

బిల్లు

నెలకు 149 రూపాయలన్న ప్లాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆ ధర సాధారణంగా 48 నెలలకు ఒకేసారి కట్టేవాళ్ళకే. అంటే 7,152 రూపాయలు. 18 శాతం జీఎస్‌టీ కలిపితే 8,439. కింద చిన్న అక్షరాల్లో రెన్యువల్ ధర 449 అని ఉంటే, ఐదో ఏడాది ఒక్కదానికే జీఎస్‌టీతో 6,358 కట్టాలి. ఐదేళ్ళకు మొత్తం 14,797, సగటున నెలకు 247. రెండు కంపెనీలను పోల్చాల్సి వస్తే ఈ 247ను పోల్చండి, 149ని కాదు. మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చే డొమైన్‌కు (సైటు పేరుకు) రెండో ఏడాది ఎంత అడుగుతారో కూడా ఇందులో కలపండి. చెక్అవుట్ పేజీలో ముందే టిక్ పెట్టి ఉంచే అదనాలు, అంటే సైట్ స్కానర్, ఎస్‌ఈఓ టూలు, డబ్బు కట్టి కొనే ఎస్‌ఎస్‌ఎల్ (సైటును https మీద నడిపే భద్రతా సర్టిఫికెట్) వంటివి, అన్నీ తీసేయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు 2015 చివరి నుంచి ఉచితంగానే దొరుకుతున్నాయి. మామూలు సైటుకు ఎస్‌ఎస్‌ఎల్ కోసం ఏటా వేల రూపాయలు అడిగే హోస్టును అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

సర్టిఫికెట్ల విషయంలో ఇంకొకటి చూడాలి. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి తీసుకున్న నిర్ణయం ప్రకారం వీటి గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి నుంచి 100 రోజులకు, 2029 మార్చి నుంచి 47 రోజులకు తగ్గుతుంది. చేత్తో మార్చుకోవడం ఇక కుదిరే పని కాదు. ఆటోమేటిక్‌గా రెన్యూ చేయని హోస్టు దగ్గర సైటు ఏడాదిలో చాలాసార్లు 'సురక్షితం కాదు' అన్న తెర చూపిస్తుంది.

డాలర్లలో బిల్లు వేసే కంపెనీ అయితే మరో చిక్కు ఉంది. రిజర్వ్ బ్యాంకు నియమాల వల్ల 2021 అక్టోబరు 1 నుంచి కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపు జరగాలంటే బ్యాంకులో మ్యాండేట్ (ముందస్తు అనుమతి) నమోదై ఉండాలి. మొత్తం 15,000 దాటితే ప్రతిసారీ విడిగా అనుమతి ఇవ్వాలి. మ్యాండేట్ లేని విదేశీ కంపెనీల ఆటో రెన్యువల్ మన కార్డుల మీద మౌనంగా ఫెయిలవుతుంది. ఆ సంగతి చెప్పే మెయిల్ స్పామ్‌లో పడిందంటే ఒకరోజు పొద్దున సైటు ఉండదు. అందుకే రెన్యువల్ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందుగా పెట్టుకోవాలి. కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి. రూపాయల్లో బిల్లు వేసి, యూపీఐ తీసుకుని, మీ జీఎస్‌టీ నంబరుతో ఇన్వాయిస్ ఇచ్చే కంపెనీ అయితే ఈ బాధ ఉండదు. వ్యాపారం చేసేవాళ్ళకు కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది.

అప్‌టైమ్ హామీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు సైటు పడినా హామీ నిలబడినట్టే. ముందే చెప్పి చేసే మరమ్మతులు చాలా ఒప్పందాల్లో ఆ లెక్కలోకి రావు. హామీ తప్పితే ఇచ్చేది నెల ఫీజులో కొంత శాతం క్రెడిట్. 149 రూపాయల్లో 5 శాతం అంటే ఏడున్నర రూపాయలు.

అన్‌లిమిటెడ్ వెనక ఉన్న అసలు లెక్కలు

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద వందల సైట్లు ఉంటాయి. ఒక సైటు మొత్తాన్ని మింగేయకుండా చాలా కంపెనీలు క్లౌడ్‌లినక్స్ అనే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడి ఒక్కో అకౌంటుకు కట్టడి పెడతాయి. దాని డాక్యుమెంటేషన్‌లో డీఫాల్ట్‌గా ఉండేవి: ఒక కోర్ సీపీయూ, 1 జీబీ మెమరీ, 20 ఎంట్రీ ప్రాసెస్‌లు, 100 మొత్తం ప్రాసెస్‌లు, సెకనుకు 1 ఎంబీ డిస్క్ వేగం. కంపెనీలు ప్లాన్‌ను బట్టి వీటిని పెంచుతాయి, కానీ కొనే పేజీలో ఈ అంకెలు రాసేవాళ్ళు తక్కువ. సీపానెల్ (హోస్టింగ్‌ను నడుపుకునే కంట్రోల్ ప్యానెల్) ఉన్నచోట 'రిసోర్స్ యూసేజ్' అన్న పేజీలో మీ వాడకంతో పాటు ఈ హద్దులు కూడా కనిపిస్తాయి.

ఎంట్రీ ప్రాసెస్ అంటే ఒకే క్షణంలో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) దగ్గర పనిలో ఉన్న రిక్వెస్టు. 20 నిండాక వచ్చినవాళ్ళకు 508 ఎర్రర్, 'రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్' అన్న పేజీ. మెమరీ గానీ మొత్తం ప్రాసెస్‌ల సంఖ్య గానీ మించితే 500 లేదా 503. సీపీయూ మించితే ఎర్రర్ ఏదీ రాదు. అంతా నత్తనడక అవుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే కారణం తెలియక ప్లగిన్‌లు మారుస్తూ కూర్చుంటారు. లెక్క ఇలా వేయండి: ప్లగిన్‌లు దట్టించిన ఒక వర్డ్‌ప్రెస్ పేజీ తయారు కావడానికి అర సెకను సీపీయూ పడుతుందనుకుంటే, ఒక కోర్ మీద సెకనుకు రెండే పేజీలు. ఒక పోస్టు నాలుగు పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి, ఒకే నిమిషంలో మూడు వందల మంది నొక్కితే సెకనుకు ఐదు. సైటు పడినట్టే.

దీనికి మందు పెద్ద ప్లాన్ కాదు, పేజీ క్యాష్. ఒకసారి తయారైన పేజీని దాచి, తర్వాతివాళ్ళకు పీహెచ్‌పీని కదపకుండా అదే ఇస్తే, ఆ ఒక కోర్ మీదే సెకనుకు వందల పేజీలు వెళ్తాయి. లైట్‌స్పీడ్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉన్న హోస్టుల దగ్గర దాని ఉచిత క్యాష్ ప్లగిన్ సర్వర్ స్థాయిలోనే ఈ పని చేస్తుంది. షేర్డ్ ప్లాన్ కొనేటప్పుడు అపాచీ (మరో వెబ్ సర్వర్), లైట్‌స్పీడ్ రెండూ ఒకే ధరలో దొరికితే లైట్‌స్పీడ్ వైపే మొగ్గండి. ఆ ప్లగిన్‌లో క్యాష్ చేసే భాగం లైట్‌స్పీడ్ లేనిచోట మామూలుగా పని చేయదని మాత్రం గుర్తుంచుకోండి. హోస్టు మారితే క్యాష్ ప్లగిన్ కూడా మార్చాలి. వూకామర్స్ దుకాణాల్లో కార్ట్, చెక్అవుట్, మై అకౌంట్ పేజీలను క్యాష్ చేయకూడదు. చేస్తే ఒకరి బుట్ట ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. అంటే దీపావళి ఆఫర్ రోజున దుకాణం మీద పడే బరువును క్యాష్ పూర్తిగా మోయలేదు. ఆర్డర్లు ఒకేసారి వచ్చే దుకాణానికి అందుకే షేర్డ్ వద్దంటాను.

డిస్కు అన్‌లిమిటెడ్ అన్నా ఐనోడ్‌ల లెక్క ఉంటుంది. ఐనోడ్ అంటే స్థూలంగా ఒక ఫైలు లేదా ఫోల్డరు. ఒక్క ఫోటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ రకరకాల సైజుల్లో ఐదారు కాపీలు చేస్తుంది. థీమూ వూకామర్సూ కలిపి ఇంకో మూడు నాలుగు చేస్తాయి. పదివేల ఫోటోలున్న వంటల సైటుకు అవే దాదాపు లక్ష ఫైళ్ళు. హోస్టింగ్‌తో వచ్చిన మెయిల్‌బాక్సులో ప్రతి ఉత్తరం కూడా ఒక ఫైలే. రెండు మూడు లక్షల పరిమితి దాటాక కొత్త ఫైళ్ళు ఎక్కవు. కొన్ని కంపెనీలు అంతకంటే ముందే, ఫలానా సంఖ్య దాటిన అకౌంట్లకు బ్యాకప్ తీయడం మానేస్తాయి. ఈ సంగతి వాళ్ళ షరతుల పేజీలో ఉంటుంది. కొనేముందు ఆ పేజీలో 'ఐనోడ్', 'బ్యాకప్' అన్న రెండు మాటలు వెతకండి.

డిస్క్ వేగం హద్దు ఎక్కడ కొడుతుందంటే బ్యాకప్ ప్లగిన్‌లు నడిచినప్పుడు. సెకనుకు 1 ఎంబీ చొప్పున 5 జీబీ సైటును చదవడానికే 85 నిమిషాలు. ఈలోగా పీహెచ్‌పీ గడువు ముగిసి జిప్ సగంలో ఆగిపోతుంది. ఆగిన సగం ఫైళ్ళు డిస్కులోనే మిగిలి స్థలం తింటాయి. అలాంటిచోట అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్‌లో డేటాబేస్‌ను రోజూ, ఫోటోల ఫోల్డరును వారానికోసారి విడివిడిగా తీసి, జిప్‌ను చిన్న ముక్కలుగా చేయమని పెట్టాలి.

యజమానులు, ప్యానెళ్ళు

బ్లూహోస్ట్ నచ్చక హోస్ట్‌గేటర్‌కు, అక్కడ నచ్చక బిగ్‌రాక్‌కు మారేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం: ఈ మూడూ ఒకే గొడుగు కిందివి. ఎండ్యూరెన్స్ ఇంటర్నేషనల్ గ్రూప్ 2010లో బ్లూహోస్ట్‌ను, 2012లో హోస్ట్‌గేటర్‌ను, 2014లో మన దేశపు డైరెక్టీ నుంచి బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్‌లను కొన్నది. 2021లో అది వెబ్‌డాట్‌కామ్‌తో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. కాబట్టి బ్యాకప్‌ను ఈ గొడుగులోనే రెండో పేరు దగ్గర దాచుకుని, రెండు వేరు చోట్ల ఉందని నిశ్చింతగా ఉండకూడదు.

పక్క వీధిలో సైట్లు చేసిపెట్టే కుర్రాడి 'సొంత హోస్టింగ్' కూడా చాలావరకు రీసెల్లర్ అకౌంటే, అంటే పెద్ద కంపెనీ దగ్గర కొని చిన్న వాటాలుగా అమ్మేది. పని బాగా చేయవచ్చు, ఫోన్ చేస్తే పలకవచ్చు. అది నిజంగా విలువైనదే. అయితే అతను పై కంపెనీకి డబ్బు కట్టడం మానేస్తే కింద ఉన్న సైట్లన్నీ ఒకేసారి పోతాయి, మీకు ఆ పై కంపెనీతో ఏ ఒప్పందమూ ఉండదు. అలాంటిచోట ఉంటే కనీసం డొమైన్, బ్యాకప్ రెండూ మీ చేతిలో ఉంచుకోండి.

సీపానెల్ 2019లో లైసెన్సు రుసుమును అకౌంట్ల సంఖ్యను బట్టి వేయడం మొదలుపెట్టాక చవక హోస్టింగ్ మార్కెట్ మారింది. కొందరు డైరెక్ట్‌అడ్మిన్ అనే మరో ప్యానెల్‌కు పోయారు. హోస్టింగర్ వంటివాళ్ళకు సొంత ప్యానెల్ ఉంది. హోస్టింగర్ ప్యానెల్ వాడడానికి శుభ్రంగా ఉంటుంది, సర్వర్ లైట్‌స్పీడ్, మన దేశంలో డేటా సెంటర్ ఎంచుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టే తెలుగు పత్రికకు ఇది మంచి ఎంపికే. కానీ సీపానెల్ 'ఫుల్ బ్యాకప్' అంటే ఫైళ్ళు, డేటాబేసులు, మెయిల్‌బాక్సులు, డీఎన్‌ఎస్ (డొమైన్‌ను సర్వర్‌కు కలిపే రికార్డులు) అన్నీ ఒకే మూటలో వచ్చి ఇంకో సీపానెల్ హోస్టు దగ్గర యథాతథంగా విప్పుకోవచ్చు. సొంత ప్యానెల్ ఉన్నచోట ఫైళ్ళు వేరు, డేటాబేస్ వేరు, మెయిల్ వేరు, ఒక్కొక్కటీ చేత్తో తరలించాలి. మెయిల్ కూడా అక్కడే పెట్టుకుంటే వెళ్ళిపోవడం ఒక రోజు పని కాస్తా మూడు రోజుల పని అవుతుంది.

గోడాడీ గురించి చాలామంది అడుగుతారు. డొమైన్లకు పేరున్న కంపెనీ, తెలిసినవాళ్ళు ఎక్కువ. దాని మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ సేవలోకి చొరబాటు జరిగి, 12 లక్షల దాకా కస్టమర్ల వివరాలు బయటపడినట్టు 2021 నవంబరులో కంపెనీయే ప్రకటించింది. నడుస్తున్న సైట్ల ఎస్‌ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్ళు ఎక్కించే దారి), డేటాబేస్ పాస్‌వర్డులు కూడా అందులో ఉన్నాయి. హోస్టు ఎంత పెద్దదైనా ప్యానెల్‌కు రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. ఒకే పాస్‌వర్డును ఎస్‌ఎఫ్‌టీపీకీ వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌కూ వాడకూడదు.

సర్వర్ ఎక్కడుంటే మంచిది

కొత్త పాఠకుడి ఫోన్‌కు పేజీ మొదటి బైటు చేరేలోపు డేటా కనీసం మూడుసార్లు అటూ ఇటూ తిరగాలి: కనెక్షన్‌కు ఒకటి, టీఎల్‌ఎస్ 1.3 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ఒకటి, రిక్వెస్టుకు ఒకటి. సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే మన దగ్గర నుంచి ఒక్కో ప్రయాణానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే పీహెచ్‌పీ పని మొదలుపెట్టకముందే 600 ఖర్చు. మొదటి బైటు 800 మిల్లీసెకన్లలోపు రావాలని గూగుల్ సూచన. కాబట్టి పాఠకులు ప్రధానంగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే సర్వర్ మన దేశంలోనే ఉండాలి. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. గూగుల్ క్లౌడ్ ముంబయి, ఢిల్లీల్లో, డిజిటల్‌ఓషన్ బెంగళూరులో ఉన్నాయి. అమెరికా పాఠకుల కోసం ముందర క్లౌడ్‌ఫ్లేర్ వంటి సీడీఎన్ (ఫైళ్ళ కాపీలను దేశదేశాల్లో ఉంచే సేవ) పెడితే ఫోటోలు, ఫాంట్లు వాళ్ళకు దగ్గరి నుంచే అందుతాయి. తెలుగు వెబ్ ఫాంట్లు ఒత్తులు, గుణింతాల రూపాలతో బరువుగా ఉంటాయి కాబట్టి ఈ ఉపయోగం ఇంగ్లీషు సైట్ల కంటే మనకు ఎక్కువ.

కొనే పేజీలో భారత జెండా బొమ్మ ఉన్నంత మాత్రాన సర్వర్ ఇక్కడ ఉన్నట్టు కాదు. చాలాచోట్ల సైన్‌అప్ అయ్యేటప్పుడు డేటా సెంటర్ ఎంచుకోమంటారు. అక్కడ తప్పితే తర్వాత మార్పించడానికి సపోర్టు వెంట పడాలి.

తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

హోస్టింగ్ సమీక్షల్లో ఎక్కడా కనిపించనిది ఇదే. యూనికోడ్ తెలుగులో ప్రతి కోడ్ పాయింటూ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక కోడ్ పాయింటు) యూటీఎఫ్-8 అనే పద్ధతిలో 3 బైట్లు. వర్డ్‌ప్రెస్ టపాలు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో 5.7 వరకు డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) లాటిన్-1, 8.0 నుంచే యూటీఎఫ్8ఎంబీ4 అయింది. పాత సర్వర్ నుంచి డేటాబేస్ డంప్ (డేటా మొత్తాన్ని రాసిన ఫైలు) తీసి కొత్తచోట ఎక్కించేటప్పుడు ఈ రెండూ కలగాపులగమైతే రెండు రకాల నష్టం జరుగుతుంది. పేజీ నిండా పైన గీత పెట్టిన ఇంగ్లీషు చిన్న 'a' అక్షరాలు (à), వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు కనిపిస్తే భయం లేదు. తెలుగు బైట్లు అలాగే ఉన్నాయి, చదివే పద్ధతే తప్పింది; డంప్‌ను సరైన క్యారెక్టర్ సెట్ చెప్పి మళ్ళీ ఎక్కిస్తే తిరిగి వస్తాయి. అక్షరాల బదులు వరసగా ప్రశ్న గుర్తులు కనిపిస్తే మాత్రం ఆ కాపీలో తెలుగు శాశ్వతంగా పోయినట్టే. డేటాబేసే వాటిని ప్రశ్న గుర్తులుగా రాసుకుంది. పాత డంప్ ఒక్కటే దిక్కు. అందుకే తరలింపు పూర్తయ్యాక హోమ్ పేజీ చూసి సంతోషపడి పాత అకౌంట్ మూసేయకూడదు. పాత టపాలు, కామెంట్లు, విడ్జెట్లు, మెనూలు, దుకాణమైతే కస్టమర్ల చిరునామాలు తెరిచి చూడాలి. తెలుగు మామూలుగా కనిపిస్తూ ఎమోజీలు మాత్రమే ప్రశ్న గుర్తులైతే టేబుళ్ళు పాత మూడు బైట్ల యూటీఎఫ్8లో ఉన్నాయని అర్థం. వాటిని యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి.

ఇంకొకటి టపా చిరునామా. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు, అంటే చిరునామాలో టపా పేరుండే భాగానికి, 200 అక్షరాల హద్దు ఉంది. తెలుగు కోడ్ పాయింటు ఒక్కొక్కటి శాతం గుర్తులతో రాస్తే 9 అక్షరాలవుతుంది. 'హైదరాబాద్ బిర్యానీ తయారీ' అన్న మూడు మాటలకు, మధ్యలో గీతలతో కలిపి, సరిగ్గా 200 నిండిపోతాయి. నాలుగో మాట 'విధానం' స్లగ్‌లోకి రాదు. అదే మొదలుతో ఇంకో టపా రాస్తే చిరునామా చివర అంకె చేరుతుంది. పైగా కొన్ని హోస్టుల్లో మోడ్‌సెక్యూరిటీ (దాడులను అడ్డుకునే సర్వర్ రక్షణ) నియమాలు కఠినంగా పెట్టి ఉంటే, ఇంగ్లీషేతర బైట్లు దట్టంగా ఉన్న పొడవాటి టపాను సేవ్ చేసేటప్పుడు 403 ఎర్రర్ వస్తుంది. అలా వచ్చినప్పుడు ప్లగిన్‌లు తీసి పెట్టే బదులు, ఏ టైముకు వచ్చిందో సపోర్టుకు చెప్పి, లాగ్‌లో ఏ రూలు నంబరు అడ్డుపడిందో చూసి దాన్ని మీ డొమైన్‌కు మినహాయించమనండి. మొత్తం మోడ్‌సెక్యూరిటీని ఆపేస్తామని వాళ్ళంటే ఒప్పుకోవద్దు. స్లగ్‌లు, ఫోటో ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవడం మొదటి నుంచీ అలవాటు చేసుకుంటే తరలింపుల్లో సగం తలనొప్పి తగ్గుతుంది. తెలుగు పేర్లున్న ఫైళ్ళు జిప్ విప్పేటప్పుడు పాడయ్యే అవకాశం ఎక్కువ.

బ్యాకప్

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది, పక్కది కొంత దెబ్బతింది. లక్షల సైట్లు ఆగాయి. సర్వరూ బ్యాకపూ ఒకే ప్రాంగణంలో ఉన్నవాళ్ళు రెండూ పోగొట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో బ్రిటన్ కంపెనీ 123-రెజ్ శుభ్రం చేసే స్క్రిప్టులో దొర్లిన తప్పు వల్ల కస్టమర్ల వీపీఎస్‌లు (ఒక్కొక్కరికి విడిగా కేటాయించిన వర్చువల్ సర్వర్లు) చెరిగిపోయాయి. ఒకచోట నిప్పు, ఇంకోచోట మనిషి రాసిన స్క్రిప్టు. రెండుచోట్లా తేలిగ్గా కోలుకున్నది హోస్టుకు బయట సొంత కాపీ ఉన్నవాళ్ళు.

కాబట్టి హోస్టు ఇచ్చే బ్యాకప్‌ను అదనపు సౌకర్యంగానే చూడండి. చవక ప్లాన్‌లో వారానికోసారి, పై ప్లాన్‌లో రోజూ తీయడం మామూలు పద్ధతి. తిరిగి పెట్టడానికి ఫీజు అడిగేవాళ్ళూ ఉన్నారు. సొంతంగా ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌కో అమెజాన్ ఎస్3కో పోవాలి, నెలకోసారి ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లోకి రావాలి. డేటాబేస్ ఫైలును తెరిచి అందులో తెలుగు తెలుగులాగే కనిపిస్తోందో లేదో చూడండి. మూడు నెలలకోసారి ఆ కాపీని ఒక సబ్‌డొమైన్‌లో విప్పి సైటు లేస్తుందో లేదో పరీక్షించండి. విప్పి చూడని జిప్ పాడై ఉన్న సంగతి అవసరం వచ్చిన రోజే బయటపడుతుంది.

డొమైన్, మెయిల్ విడిగా

డొమైన్‌ను హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర, మీ పేరుతో, మీ సొంత మెయిల్, ఫోన్ నంబర్లతో కొనండి. డిజైనర్ పేరుతో ఉన్న డొమైన్ చట్టరీత్యా మీదని నిరూపించడం కష్టం. డాట్‌కామ్ గడువు ముగిశాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకు రెన్యూ చేయనివ్వవచ్చు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ దశలో మామూలు ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు. అదీ దాటితే 5 రోజుల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. కొత్తగా కొన్న డొమైన్‌ను సాధారణంగా 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు మార్చలేరు. ఉచిత డొమైన్ ఆశతో హోస్టు దగ్గరే కొంటే, రిఫండ్ తీసుకునేటప్పుడు దాని ధర మినహాయిస్తారు.

మెయిల్ కూడా అంతే. షేర్డ్ సర్వర్‌లో పక్క అకౌంట్ స్పామ్ పంపితే అదే ఐపీ నుంచి వెళ్ళే మీ ఉత్తరాలూ జీమెయిల్‌లో ఆగిపోతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ప్రతి పంపిణీదారుకూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ (ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డీఎన్‌ఎస్ రికార్డులు) ఉండాలంటోంది. రోజుకు 5,000 దాటి పంపేవాళ్ళకు రెండూ, వాటితో పాటు, ఆ పరీక్ష తప్పిన ఉత్తరాలను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా. కస్టమర్‌కు వెళ్ళాల్సిన ఆర్డర్ మెయిళ్ళు స్పామ్‌లో పడుతున్నాయంటే మొదట చూడాల్సింది ఈ రికార్డులే. జోహో మెయిల్‌కో గూగుల్ వర్క్‌స్పేస్‌కో మార్చి, వర్డ్‌ప్రెస్‌లో ఎస్‌ఎంటీపీ ప్లగిన్ (ఉత్తరాలను ఆ మెయిల్ సేవకు అప్పగించేది) ద్వారా పంపితే హోస్టు మారినా మెయిల్ కదలదు.

ఎవరికి ఏది

టపాలు రాయడమే పని, డబ్బు ఖర్చు పెట్టే ఉద్దేశం లేదంటే బ్లాగర్‌లో సొంత డొమైన్ పెట్టుకోండి. సర్వర్ గొడవే లేదు. నెలకు వేలల్లో పాఠకులున్న పత్రికకు, భారత్‌లో డేటా సెంటర్, లైట్‌స్పీడ్, రోజువారీ బ్యాకప్ ఉన్న షేర్డ్ ప్లాన్ చాలు. నాలుగేళ్ళకు కట్టేయకుండా మొదట ఒక ఏడాదికే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే.

దుకాణానికి వీపీఎస్ కావాలి. నడిపే ఓపిక లేనివాళ్ళకు క్లౌడ్‌వేస్ వంటి మేనేజ్డ్ సేవ మంచిది. 2022 నుంచి అది డిజిటల్‌ఓషన్ చేతిలో ఉంది. మెయిల్‌బాక్సులు, డొమైన్ దాంతో రావు, అవి విడిగా ఉండాలన్నదే మన సలహా కాబట్టి నష్టం లేదు. లినక్స్ వచ్చినవాళ్ళు డిజిటల్‌ఓషన్ బెంగళూరులోనో అమెజాన్ లైట్‌సెయిల్ ముంబయిలోనో నేరుగా తీసుకోవచ్చు. లైట్‌సెయిల్‌లో ముంబయికి ఇచ్చే నెల డేటా చాలా రీజియన్లలో రాసినదాంట్లో సగమే, ధరల పట్టిక కింద గమనిక చూడండి. 1 జీబీ ర్యామ్ సర్వర్ మీద తరచూ జరిగేది ఒకటే: మెమరీ నిండి కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) మైఎస్‌క్యూఎల్‌ను చంపేస్తుంది, సైటులో 'డేటాబేస్ కనెక్షన్ కుదరలేదు' అన్న ఎర్రర్ వస్తుంది. ముందే 2 జీబీ స్వాప్ (మెమరీ నిండితే వాడుకునే డిస్కు స్థలం) పెట్టండి. పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో ఒక్కో ప్రాసెస్ 80 ఎంబీ దాకా తింటుంది కాబట్టి, సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ సగం వదిలి, గరిష్ఠ ప్రాసెస్‌ల సంఖ్యను 5 లేక 6 దగ్గర ఆపండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆటోమేటిక్ చేయండి. ఈ పనులు చేసే మనిషి లేకపోతే వీపీఎస్ షేర్డ్ కంటే ప్రమాదకరం.

రిఫండ్ గడువులో పరీక్ష

చాలా కంపెనీలు 30 రోజుల రిఫండ్ ఇస్తాయి. ఖాళీ వర్డ్‌ప్రెస్ పెట్టి వేగం చూస్తే ఏమీ తెలియదు. మీ అసలు సైటు కాపీనే పెట్టండి. పీహెచ్‌పీ 8.2 లేదా ఆపైన ఉందో లేదో చూడండి; 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి. వేగాన్ని పొద్దున్నే కాదు, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, సర్వర్ మీద పొరుగు సైట్ల బరువు కూడా ఉన్నప్పుడు కొలవండి. సైటు నడుస్తోందో లేదో చూసే అప్‌టైమ్ రోబోట్ సేవలో ఐదు నిమిషాలకోసారి తనిఖీ పెట్టండి. హోమ్ పేజీ క్యాష్ నుంచి వస్తుంది కాబట్టి క్యాష్ కాని ఒక పేజీకి కూడా పెట్టాలి. ఆదివారం రాత్రి సపోర్టు చాట్‌లో ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, ఐనోడ్‌లు ఎన్ని, బ్యాకప్ ఏ నగరంలో, రిస్టోర్‌కు ఫీజు ఉందా అని అడగండి. అంకెలతో జవాబిచ్చేవాళ్ళు, 'పై ప్లాన్ తీసుకోండి' అనేవాళ్ళు అక్కడే విడిపోతారు. ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచండి. ఆన్‌లైన్‌లో కనిపించే 'టాప్ 10 హోస్టింగ్' జాబితాల్లో చాలావాటికి ప్రతి అమ్మకం మీదా కమిషన్ వస్తుంది, కాబట్టి వాటిలోని వరస క్రమాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మారాలని తేలితే ముందు రోజే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (పాత రికార్డును మిగతా సర్వర్లు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించి, అన్ని రికార్డులనూ, ముఖ్యంగా మెయిల్‌కు కావలసిన ఎంఎక్స్, టీఎక్స్‌టీలను, ఒక ఫైలులో రాసి పెట్టుకోండి. నేమ్‌సర్వర్లు మార్చినప్పుడు ఎక్కువమందికి మెయిల్ ఆగిపోయేది ఈ రికార్డులు కొత్తచోట లేకే. సైటును కొత్త సర్వర్‌లో పెట్టాక మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో (ఏ డొమైన్‌కు ఏ ఐపీ అన్నది ఆ కంప్యూటర్‌కు మాత్రమే చెప్పే ఫైలు) కొత్త ఐపీ రాసుకుని, లోకానికి తెలియకముందే పరీక్షించండి. దుకాణమైతే చివరి డేటాబేస్ కాపీ తీసేముందు పాత సైటును మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే ఆ మధ్యలో వచ్చిన ఆర్డర్లు పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. ఆ తర్వాత డీఎన్‌ఎస్‌లో 'A' రికార్డును (డొమైన్‌కు సర్వర్ ఐపీ చెప్పేది) కొత్త ఐపీకి మార్చి, పాత అకౌంట్‌ను కనీసం పది రోజులు అలాగే ఉంచి, పాత సర్వర్ యాక్సెస్ లాగ్‌లో రోబోలు తప్ప ఎవరూ రావడం లేదని చూసుకుని, అక్కడి మెయిల్‌బాక్సులు ఖాళీ చేసుకుని రద్దు చేయండి.